పోటు

ఫిబ్రవరి తెల్లవారుజామున షిమొనొసెకి చేపల బజారులో
నల్లగుడ్డ తొడుగులో చేయి దూర్చి
వేళ్ళతో ధర చెప్పుకుంటారు.
ఎవరి బేరం ఎవరికీ కనబడదు.
మూడు రోజులుగా నా దవడలోనూ
అలాంటి బేరమే ఏదో నడుస్తోంది.

కింది వరస. కుడివైపు. చివరినుంచి రెండోది.
గాలి తగిలితే చాలు
చెవిదాకా ఎవరో దారం గుంజుతారు.
పంటిబిగువున ఓర్చుకోమంది మా అక్క ఫోనులో.
పన్నే పగబడితే
దేన్ని బిగించి ఓర్చుకోవాలో చెప్పలేదు.

అయినా కత్తి ఆగలేదు. ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు.
ఫుగు పొట్ట విప్పి
కాలేయం, అండాశయం, ముక్క ముక్కా లెక్కబెట్టి
తాళం పెట్టెలో వేస్తాను.
పెదవులతో మొదలుపెట్టి
వేళ్ళు, నాలుక, ఊపిరి
ఒక్కో దీపమే ఆర్పుకుంటూ పోయే నిశ్శబ్దం
ఆ పెట్టె నిండా.

మూడో రాత్రి, రెండు గంటలప్పుడు
మేడ దిగి కొట్లోకి వచ్చాను.
సిగ్గు విడిచి చెబుతున్నాను:
గోటిమొనంత, పంటి మీద, అంతే, అనుకున్నాను.
తాళంచెవి చేతిలో వేడెక్కింది.
మళ్ళీ జేబులో వేసుకుని
మెట్ల మీదే కూర్చున్నాను తెల్లారేదాకా.

ఈ మాట విని పళ్ళ డాక్టరు కుసునోకి నవ్వలేదు.
గోడకున్న ఆటుపోట్ల పట్టిక చింపి
వెనకవైపు గీశాడు.
"నరం తీగ కాదు, మిసావో గారూ.
వరసగా తలుపులున్న పొడవాటి వసారా.
బయట ఉప్పు కాచుకుని ఉంటుంది.
ఒక తలుపు తెరుచుకుంటుంది, సెకనులో వెయ్యోవంతు.
ఉప్పు లోపలికి దూకుతుంది.
ఆ తోపుకి పక్క తలుపు.
దాని తోపుకి ఆ పక్కది.
అలా పంటినుంచి మెదడుదాకా."

పోటు, అనుకున్నాను.
మా జలసంధిలో రోజుకి రెండుసార్లు వచ్చేది,
నా నోట్లో గుండె కొట్టుకున్నప్పుడల్లా.

"మీ చేప విషం ఆ తలుపు గొంతులో బిరడా.
కానీ నొప్పిని మోసే నరాల్లో
మొండి తలుపులు కొన్ని ఉన్నాయి.
బిరడా కూర్చునే చోట ఇటుక మారింది వాటికి.
వాచిన పంటిలో గోల చేసేవాటిలో అవీ ఉంటాయి.
మీరు రాత్రి ఆ పని చేసుంటే
నొప్పికంటే ముందు ఊపిరి ఆగేది."

కాసేపాగి, చేతులు కడుక్కుంటూ,
"తన విషానికి ఫుగు ఎందుకు చావదో తెలుసా?
దాని తలుపుల్లోనూ అక్కడే ఇటుక మారింది."

మొదటి సూది పని చెయ్యలేదు.
వాచిన కండ పుల్లబడుతుందట,
ఆ పులుపులో మందు గడప దాటలేదట.
రెండోది దవడ మూలకి,
నరం ఎముకలోకి దిగే చోట.
నాలుగు నిమిషాలు.
పెదవి నాది కాకుండా పోయింది.
మా కొట్లో ఆ చిన్న తిమ్మిరి దొరుకుతుందేమోనని
ఒసాకానుంచి వచ్చి డబ్బు పోస్తారు జనం.
నాకది చుక్కలేని సున్నాలా ఉంది.
ఏడుపొచ్చింది. నొప్పికి కాదు.

మర్నాడు పెట్టె తెరిచాను, మంచు మీద ఏడు చేపలు.
ఫుగుకి నాలుగే పళ్ళు, చిలకముక్కులా.
ముందు ముక్కు కొయ్యాలి, పద్ధతి అది.
వీటి పళ్ళు అప్పటికే మొండిగా ఉన్నాయి.
ఒకదాన్నొకటి కొరుక్కోకుండా
పెంచేవాళ్ళు పట్టకారుతో కత్తిరిస్తారు.
ఎన్నాళ్ళుగానో తెలిసిన సంగతే.

సూది ఎవరూ ఇవ్వరు.
ఒంటినిండా మత్తున్న చేప,
ఒక్క చుక్కయినా దానికి పనికిరాదు.

ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి
కత్తి పక్కన పెట్టి
ముందు నా చెంప తడుముకున్నాను.